పన్నెండు ల్యాబ్ కంప్యూటర్లు, రెండేళ్లకు పైగా డెబియన్ 12

తార్నాక వైపు ఒక పరిశోధన సంస్థలో మా ల్యాబ్ కంప్యూటర్లు చూసుకునేది నేనే. మొత్తం పన్నెండు వర్క్‌స్టేషన్లు. 2023 చివర్లో వాటన్నింటిలో డెబియన్ 12 అనే ఉచిత లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేశాను. అంతకుముందు సెంటాస్ 7 అనే ఇంకో లినక్స్ ఉండేది. 2024 జూన్ 30తో దాని అప్‌డేట్లు ఆగిపోనున్నాయి కాబట్టి మారక తప్పలేదు. ఇన్నాళ్ల వాడకం తర్వాత చెబుతున్నాను: సైన్స్ పనికి ఇది బాగా సరిపోతుంది, కానీ వేసేసి వదిలేస్తే కుదరదు.

ఇన్‌స్టలేషన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఈ వెర్షన్ నుంచి ఫర్మ్‌వేర్ (వైఫై కార్డులాంటి పరికరాలు నడవడానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాలర్‌తోనే వస్తోంది, దానికోసం ఇంకో పెన్‌డ్రైవ్ వెతకనక్కర్లేదు.

అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. దీనితో వచ్చే పైథాన్ (మేము ప్రోగ్రాములు రాసే భాష) వెర్షన్ 3.11, చివరిదాకా అదే ఉంటుంది. మా దగ్గర ఒకరికి 3.9 కావాలి, ఇంకొకరికి 3.12. అందుకే మినీఫోర్జ్ అనే టూల్ పెట్టి, ప్రతి ప్రాజెక్టుకూ వేరే ఎన్విరాన్‌మెంట్, అంటే దాని పైథాన్, లైబ్రరీలు దానికే విడిగా ఉండేలా చేయించాను. సిస్టమ్ పైథాన్‌లోకి పిప్‌తో (పైథాన్ లైబ్రరీలు దించే టూల్) నేరుగా ఏదైనా వేయబోతే డెబియన్ 12 ఒప్పుకోదు. మొదట్లో అందరూ విసుక్కున్నారు, నాకు మాత్రం అది ఎంతో నచ్చింది. ఎన్విరాన్‌మెంట్ వివరాలున్న యామల్ అనే చిన్న టెక్స్ట్ ఫైల్‌ను డేటాతో పాటే దాచమని అందరికీ చెప్పాను. ఏడాదిన్నర కిందటి గ్రాఫ్‌ను మళ్లీ గీయమని ఒక రివ్యూయర్ అడిగితే, మా పీహెచ్‌డీ అమ్మాయి ఆ ఫైల్‌తో గంటలోపే పాత సెటప్‌ను నిలబెట్టుకుంది.

నేను చేసిన పెద్ద పొరపాటు ఆటోమేటిక్ అప్‌డేట్లను అన్ని ప్యాకేజీలకూ వదిలేయడం. ఒక రాత్రి గ్రాఫిక్స్ డ్రైవర్ దానంతటదే మారిపోయింది. అప్పటికే నడుస్తున్న సిమ్యులేషన్ పూర్తయింది, దాని వెనక వరుసలో ఉన్నది మాత్రం ‘డ్రైవర్/లైబ్రరీ వెర్షన్ మిస్‌మ్యాచ్’ అని మొదట్లోనే ఆగింది. నడుస్తున్న కెర్నల్‌లో (సిస్టమ్ గుండెకాయ లాంటి భాగం) డ్రైవర్ పాత మాడ్యూల్, డిస్కు మీద దాని కొత్త లైబ్రరీ; రెండూ కలవలేదు. పొద్దున్నే ఆ పని పెట్టుకున్న కుర్రాడి ఫోను: "అన్నా, రాత్రంతా వేస్ట్ అయింది." రీబూట్ చేస్తే సరిపోయింది, కానీ ఆ పిల్లవాడి రాత్రి తిరిగి రాదు కదా. ఇప్పుడు డ్రైవర్‌నూ కెర్నల్‌నూ ఆటోమేటిక్ అప్‌డేట్ల నుంచి తప్పించాను. నెలకొక శనివారం, అందరికీ ముందే చెప్పి, నేనే అప్‌డేట్ చేసి రీబూట్ చేస్తాను. ఈ ఒక్క సెట్టింగ్ ఎవరైనా మొదటి రోజే చేసుకోవాలి.

ఇంకో టెన్షన్ మెమరీ. 128 జీబీ ఉన్న మెషీన్‌లో ఒకరు మైక్రోస్కోప్ ఇమేజ్ స్టాక్ మొత్తం తెరిస్తే, అదే మెషీన్‌లోకి రిమోట్‌గా వచ్చిన మిగతావాళ్లకు కర్సర్ కూడా కదిలేది కాదు. లినక్స్‌లో ప్రోగ్రాములను నడిపించే సిస్టమ్‌డీలో ప్రతి యూజర్‌కూ మెమరీమ్యాక్స్ అనే మెమరీ పరిమితి పెట్టాక ఆ గొడవ పోయింది. హద్దు దాటినవాళ్ల ప్రోగ్రామే ఆగుతుంది, పక్కవాళ్ల పని సాగుతుంది.

ఎండాకాలంలో కరెంటు పోతే యూపీఎస్ పదిహేను నిమిషాలు మెషీన్లను నడుపుతుంది. బ్యాటరీ తగ్గగానే నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్ అనే ప్రోగ్రామ్ మెషీన్లను పద్ధతిగా ఆపేస్తుంది. అణువుల కదలికలను లెక్కించే గ్రోమాక్స్ సాఫ్ట్‌వేర్‌కు ఆగమనే సంకేతం అందితే చెక్‌పాయింట్ (అప్పటిదాకా అయిన పని) రాసుకునే ఆగుతుంది, కరెంటు వచ్చాక అక్కడి నుంచే కొనసాగించుకోవచ్చు. ఇది పనిచేస్తుందో లేదో నిజంగానే ప్లగ్ పీకి చూశాను. మీరూ పీకి చూడండి.

ఇబ్బందులూ ఉన్నాయి. కొన్ని కమర్షియల్ సాఫ్ట్‌వేర్లకు రెడ్‌హ్యాట్ (కంపెనీలు వాడే ఇంకో లినక్స్) తరహా సిస్టమ్‌ల మీదే అధికారిక సపోర్ట్ ఉంటుంది. మీ పనంతా వాటితోనే అయితే ఆ తరహాలోనే ఉండే రాకీ లేదా ఆల్మా లినక్స్ తీసుకోండి, డెబియన్‌తో కుస్తీ పట్టొద్దు. సరికొత్త హార్డ్‌వేర్‌కు డెబియన్ 12తో వచ్చే 6.1 కెర్నల్ చాలకపోవచ్చు. మేము సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో కొన్న ఒక మదర్‌బోర్డు నెట్‌వర్క్ పోర్టు, బ్యాక్‌పోర్ట్స్ నుంచి (డెబియన్ విడిగా ఇచ్చే కొత్త వెర్షన్లు) కొత్త కెర్నల్ వేశాకే పనిచేసింది.

డెబియన్ 13 2025 ఆగస్టులో వచ్చింది. ఒక మెషీన్‌లో వేసి చూస్తున్నాను. మిగతా పదకొండింటినీ, వాటి మీద థీసిస్ రాస్తున్నవాళ్లు సబ్మిట్ చేశాకే ముట్టుకుంటాను.