నాన్న సబ్బుపెట్టె రేడియో: రెండున్నరేళ్ళు వాడాక

"నిన్న ఎక్కడ ఆపానో ఇవాళ అక్కణ్ణుంచే రావాలి." హరికథలు వినడానికి నాన్న అడిగింది ఇదొక్కటే. కంటి ఆపరేషన్ అయ్యాక ఫోన్‌లో వెతుక్కోవడం ఆయన వల్ల కావడం లేదు. అందుకే మెమరీ కార్డులోని ఆడియో ఫైళ్ళు వినిపించే డీఎఫ్‌ప్లేయర్ మినీ అనే చిన్న బోర్డు, దాన్ని నడిపించే కోడ్ రాసుకోవడానికి 3.3 వోల్టుల ఆర్డువినో ప్రో మినీ, పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ లోంచి పీకిన 18650 రకం చార్జింగ్ సెల్ కలిపి, ఊళ్ళకు పట్టుకెళ్ళే సబ్బుపెట్టెలో అమర్చాను. బటన్లు నాలుగు. 'ముందుకు' బటన్ చేతికి తెలియాలని అమ్మ దానిమీద చొక్కా గుండీ అంటించింది. వైరింగ్ బొమ్మలు ఎక్కడైనా దొరుకుతాయి, అవి వదిలేస్తున్నాను.

నాన్న దగ్గర హరికథల క్యాసెట్లు 22 ఉన్నాయి, అన్నీ తొంభై నిమిషాలవే. కథ మధ్యలోకి దూకే సదుపాయం డీఎఫ్‌ప్లేయర్ బోర్డుకు లేదు. ఫైలు పెడితే మొదటినుంచీ వినాల్సిందే. అందుకని ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో వైపునూ అయిదేసి నిమిషాల చొప్పున 9 ముక్కలు చేశాను. మొత్తం 396. ముక్క అయిపోగానే, ఫైలు నడుస్తోందో లేదో చెప్పే 'బిజీ' పిన్ను ఆ బోర్డు మీద 'లో' (తక్కువ వోల్టేజి) నుంచి 'హై' (ఎక్కువ వోల్టేజి)కి మారుతుంది. ప్రో మినీ అది చూసి ముక్క నంబరు ఒకటి పెంచి, కరెంటు పోయినా చెరగని తన మెమరీలో, అంటే ఈప్రామ్‌లో, రాసుకుంటుంది. (ఒక బైటులో 255 వరకే పడుతుంది, ముక్కలు అది దాటితే రెండు బైట్లు పెట్టుకోండి.) ఈప్రామ్ లక్షసార్లు రాసినా తట్టుకుంటుందంటారు. రోజుకు నాలుగు గంటలు విన్నా 48 సార్లే, అయిదేళ్ళకు ఢోకా లేదు. ఎక్కడ ఆపినా, మహా అయితే అయిదు నిమిషాలు వెనక్కి పోతుంది. హరికథకు అదేం నష్టం కాదు, దాసుగారు ఎలాగూ చెప్పిందే ఇంకోసారి చెబుతారు.

ఇచ్చిన మూడో రోజు పొద్దున్నే ఫోన్. "ఒరేయ్, పెళ్ళయిపోయాక విల్లు విరుస్తున్నాడేంట్రా రాముడు?"

క్యాసెట్ల వైపులు తారుమారు చేశానేమో అనుకున్నా. ఫైళ్ళ పేర్లు చూస్తే వరసగానే ఉన్నాయి. కార్డు మార్చాను. టంకాలన్నీ మళ్ళీ పెట్టాను. కోఠి గుజరాతీ గల్లీలో బోర్డు అమ్మినాయన్ని మనసులో నాలుగు తిట్టాను. రెండు ఆదివారాలు ఇలాగే పోయాయి. తీరా చూస్తే తప్పు నాదే. సౌండ్ ఎలా వస్తుందో చూద్దామని పెళ్ళి ఘట్టం ముక్కలు ముందుగా కార్డులో వేసి పరీక్షించాను, మిగతావి ఆ తరవాత ఎక్కించాను. మామూలు ప్లే కమాండ్‌లో ఇచ్చే నంబరు ఫైలు పేరుది కాదు, కార్డులోకి ఫైళ్ళు ఎక్కిన వరసది. ముందు ఎక్కిందే ఒకటో నంబరు! ఎంపీ3 అనే ఫోల్డర్‌లో 0001, 0002 అంటూ పేర్లు పెట్టి, ఆ ఫోల్డర్‌కు వేరే ఉన్న కమాండ్ వాడితే పేరు ప్రకారం పాడుతుంది. కోడ్‌లో ఒక్క లైను మార్చాను. మర్నాడు ఫోన్ చేసి, "ఇవాళ ముహూర్తం కుదిరింది" అన్నారు నాన్న.

సౌండ్ చాలా క్లియర్‌గా ఉందని మొదట్లో అందరికీ చెప్పుకున్నాను. ఆ మాట కొంచెం సవరించుకోవాలి. రాత్రి నిశ్శబ్దంలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే వెనకాల సన్నగా 'సుయ్' వినిపిస్తుంది. ముక్కకూ ముక్కకూ మధ్య చిన్న 'టక్' కూడా ఉంది. డేటా వైరుకు 1 కిలో ఓం రెసిస్టర్ పెట్టాక తగ్గిందే గానీ పోలేదు. నాన్నకు ఆ రెండూ వినపడవు, కాబట్టి ఆయనకు లోటు లేదు. సెల్ పాతదే కనక మొదట్లో నాలుగు రోజులు వచ్చే చార్జి ఇప్పుడు రెండు రోజులే వస్తోంది. కొత్త సెల్ వేయాలి.

మా నాన్నలాగా ఒకే రకం వినేవాళ్ళు, తెర చూడలేనివాళ్ళు ఇంట్లో ఉంటే, మీకు టంకం పెట్టడం వచ్చి ఉంటే, ఓ వారం కేటాయించొచ్చు. నాకోసమైతే నేను చేసుకోను, ఫోన్ చాలు.

అమ్మ తనకూ ఒకటి కావాలంటోంది. కానీ ఆవిడ వినేది సినిమా పాటలు, చరణం మధ్యలో ఆపితే మళ్ళీ ఆ చరణంలోంచే రావాలట. ఈ బోర్డుతో అది కాదని చెప్పాను. అయినా నీలం రంగు సబ్బుపెట్టె ఒకటి కొని పెట్టుకుంది.