నలభై నిమిషాలు ఒకే బొమ్మ ముందు

పద్నాలుగు మంది పిల్లలు, ఇద్దరు టీచర్లం, ఎనిమిది రోజులు. లండన్, ఆమ్‌స్టర్‌డామ్ చూసొచ్చాం. నేను డ్రాయింగ్ టీచర్‌ని. ఇన్నేళ్లూ రెంబ్రాంట్‌నీ, వాన్ గోనీ పుస్తకాల్లోనూ ప్రొజెక్టర్ మీదా చూపిస్తూ వచ్చాను. అసలు బొమ్మ ముందు నిలబడితే పిల్లలు ఏం చూస్తారో తెలుసుకోవాలనే బయల్దేరాం. ఇలా తీసుకెళ్లాలనుకునే టీచర్లకు పనికొస్తుందని, బాగున్నవీ బాగోలేనివీ రెండూ రాస్తున్నాను.

ముందు బస సంగతి. లండన్‌లో మేం దిగిన హాస్టల్ శుభ్రంగానే ఉంది కానీ ఊరి చివర. రెండు రైళ్లు మారి గ్యాలరీకి చేరేసరికే పిల్లలు డీలా పడిపోయారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో గదులు ఇరుకు, మెట్లు నిటారు. అయినా మ్యూజియం పది నిమిషాల నడక. నా ఓటు రెండోదానికే. పొద్దున్నే తలుపులు తీసే వేళకు హుషారుగా వెళ్లిన పిల్లలు ఒక్కో బొమ్మ దగ్గర ఎంతసేపు ఆగారో!

లండన్ నేషనల్ గ్యాలరీలో శాశ్వత సేకరణ చూడటానికి టికెట్ ఉండదు. డబ్బు మిగలడం కంటే పెద్ద లాభం ఏమిటంటే, ఒక్కరోజులో అన్నీ చూసెయ్యాలన్న ఆత్రం ఉండదు. మర్నాడు మళ్లీ వెళ్లాం. అయితే గుంపుగా వెళ్లేవాళ్లు ముందే బుక్ చేసుకోవాలి.

అక్కడ హోల్బైన్ అనే చిత్రకారుడు 1533లో వేసిన 'రాయబారులు' ఉంది. రెండు మీటర్లకు పైగా ఎత్తు. ఇద్దరు మనుషుల కాళ్ల దగ్గర ఏటవాలుగా సాగదీసినట్టు ఏదో ఉంటుంది. "అది మరకా టీచర్?" అని అడిగారు. నేనేమీ చెప్పలేదు. ఒకబ్బాయి బొమ్మకు కుడివైపు చివరికి, దాదాపు గోడ పక్కకు వెళ్లి వంగి చూసి, "పుర్రె!" అని అరిచాడు. ఇక అందరూ అక్కడే క్యూ. రెండు నెలలుగా స్కేలు పెట్టి పర్‌స్పెక్టివ్, అంటే దగ్గరా దూరం తేడా కాగితం మీద చూపించడం, నేర్పుతున్నాను. కన్ను ఎక్కడుందో దాన్నిబట్టే బొమ్మ ఉంటుందని ఆ నాలుగడుగులతో వాళ్లకు అర్థమైంది. ప్రొజెక్టర్ తెర ముందు బెంచీల్లో కూర్చుంటే ఇది దొరకదు.

వాన్ గో 1888లో వేసిన 'పొద్దుతిరుగుడు పూలు' దగ్గర ఒకమ్మాయి, చేతులు వెనక్కి కట్టుకుని, "రంగు ఎత్తుగా ఉంది టీచర్, దాని నీడ కూడా పడుతోంది" అంది. పోస్టర్ కలర్‌లో నీళ్లు కలిపి కలిపి పల్చన చేసే పిల్ల!

ఒక గ్యాలరీలో గైడ్‌ని పెట్టుకోవడం మాత్రం మా పొరపాటు. గంటలో ఇరవై బొమ్మలు తిప్పారు. రాత్రి అడిగితే ఎవరికీ మూడుకు మించి గుర్తులేవు. తర్వాత నుంచి బొమ్మల్ని చూసి మాట్లాడటం నేర్పడానికి అబిగైల్ హౌసెన్, ఫిలిప్ యెనవైన్ రూపొందించిన పద్ధతిలోని మూడు ప్రశ్నలే వాడాను. ఈ బొమ్మలో ఏం జరుగుతోంది? నీకు అలా ఎందుకనిపించింది, ఏం చూసి? ఇంకా ఏం కనిపిస్తోంది? మాట్లాడని పిల్లలు కూడా నోరు విప్పారు.

పద్నాలుగు మందిని చూసి ఇదంతా గ్యాలరీ గొప్పే అని తేల్చేయలేను. కానీ అమెరికాలో అర్కాన్సాలోని క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియం 2011లో తెరిచినప్పుడు స్కూళ్లను లాటరీ తీసి పంపించారు. వెళ్లొచ్చినవాళ్లనీ, ఇంకా వంతు రానివాళ్లనీ పోల్చారు. 123 స్కూళ్లు, దాదాపు 11 వేల మంది పిల్లలు. కొత్త బొమ్మ చూపిస్తే వెళ్లొచ్చినవాళ్లే దాన్ని మరింత నిశితంగా పరిశీలించి రాశారు. పల్లెల నుంచి, పేద స్కూళ్ల నుంచి వచ్చిన పిల్లలకు ఇంకా ఎక్కువ మేలు జరిగింది.

ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియంలో 18 ఏళ్లలోపు వాళ్లకు ప్రవేశం ఉచితం. రెంబ్రాంట్ 'నైట్ వాచ్' (1642) వెడల్పు దాదాపు నాలుగున్నర మీటర్లు. దూరంగా నిలబడి ముగ్గురు పిల్లలు చేతులు బార్లా చాపితే అంత. వెర్మీర్ 'పాలమ్మాయి' ఎత్తు అర మీటరు కూడా లేదు. మా పుస్తకంలో రెండూ అరపేజీ బొమ్మలే! 'నైట్ వాచ్'ని 1715లో గోడకు సరిపోవడం లేదని అంచులు కోసేశారని చెబితే పిల్లలకు కోపం వచ్చింది. ఎడమవైపు ఎక్కువ పోయింది. మొదట మధ్యకు కాస్త కుడివైపు ఉన్న ముఖ్యమైన మనుషులు ఇప్పుడు మధ్యకు ఎలా వచ్చారో వాళ్లే వేలితో గాల్లో గీసి చూపించారు. కంపోజిషన్ (బొమ్మలో దేన్ని ఎక్కడ పెట్టాలి) పాఠం నేను చెప్పే పనే లేకపోయింది.

పెద్ద బ్యాగులు గదిలోనే వదిలి, పెన్సిల్, చిన్న స్కెచ్‌బుక్ మాత్రం తీసుకెళ్లండి. పెన్నులూ రంగులూ వద్దు.

చివరి రోజు రెంబ్రాంట్ 'యూదు పెళ్లికూతురు' ముందు ఆ పొద్దుతిరుగుడు పూల అమ్మాయే కింద కూర్చుంది. నలభై నిమిషాలు. మొహాలు వెయ్యలేదు, చేతులు వెయ్యలేదు. పెళ్లికొడుకు చొక్కా చెయ్యి ఒక్కటే. ఆ బంగారు రంగు ముద్దలు ముద్దలుగా ఎక్కడ లేచిందో, ఎక్కడ పగిలిందో పెన్సిల్‌తో వెతుక్కుంటోంది. "ఇంకో పది నిమిషాలు టీచర్" అంది. మిగతా పిల్లల్ని తోటి టీచర్‌తో పంపించి, నేనూ తన పక్కన కూర్చున్నాను.