తళతళలాడే ఐస్ యాక్స్‌కి బెంగళూరులో 6,500 పోశాను

పాత పర్వతారోహణ సామాను కోసం బెంగళూరు వెళ్లేవాళ్లు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, మెరిసేది కొనొద్దు.

శనివారం పొద్దున్నే కాచిగూడ రైలు దిగాం, నేనూ మా బావమరిదీ. మెజెస్టిక్ దగ్గర లాడ్జి 1,400, గది బాగానే ఉంది. అక్కణ్ణుంచి నేరుగా శివాజీనగర్‌లో ఒక పాత సామాన్ల షాపుకి. కర్ర పిడి ఐస్ యాక్స్ (మంచు కొండలు ఎక్కేటప్పుడు వాడే గొడ్డలి) ఉందని ఫొటో పంపి, 2,000 అడ్వాన్స్ తీసుకున్న షాపు. ఫొటోలో తల మీద తయారీదారు ముద్ర ఉంది, తుప్పు పట్టినా చదవొచ్చు. మేం వెళ్లేసరికి దాన్ని గ్రైండర్ మీద పెట్టి అద్దంలా చేసి, పిడికి వార్నిష్ పూసి ఉంచారు. ముద్ర లేదు! అడిగితే "క్లీనింగ్‌కి డబ్బులు తీసుకోలేదు సార్" అన్నాడు. అడ్వాన్స్ వెనక్కి ఇవ్వనన్నాడు. "ఆ రెండు వేలు పోతే పోనీ, వదిలెయ్ బావా" అని బావమరిది చెబుతూనే ఉన్నాడు, నేను వినకుండా మిగతా 4,500 కట్టేశాను. ఆ సాయంత్రమంతా వాడు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఆదివారం తెల్లవారకముందే చిక్‌పేట దగ్గరి సండే బజారుకి వెళ్లాం. స్పానర్ల కుప్పలో ఆస్ట్రియా కంపెనీ స్టుబాయ్ ముద్ర ఉన్న ఇనుప కారబినర్ (తాడు తగిలించే, గేటున్న కొక్కెం) దొరికింది, 400 చెప్పి 250కి ఇచ్చాడు. తర్వాత మల్లేశ్వరంలో సీటీఆర్ బెన్నె దోసె, దాంతో మావాడి ముఖం విప్పారింది.

అసలు ఆనందం పదకొండింటికి. మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కకముందు శిక్షణ తీసుకున్న భువనగిరి గుట్ట మీదే నేనూ తాడు పట్టడం నేర్చుకున్నాను, అక్కడ పరిచయమైన ఒకాయన ద్వారా మల్లేశ్వరంలో ఒక పెద్దాయన నంబరు దొరికింది. చిత్తూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారు. హాల్లో ఎండ పడని గోడకి చెక్క మేకులు కొట్టి, మూడు ఐస్ యాక్స్‌లు నూలు తాడుతో వేలాడదీశారు. కింద పది కోరల క్రాంపాన్లు, అంటే మంచు మీద జారకుండా బూట్ల కింద కట్టుకునేవి. ముందుకు పొడుచుకొచ్చే రెండు కోరల్ని ఇటలీ తయారీదారు లారాన్ గ్రివెల్ 1929లో చేర్చాడట, ఇవి అంతకుముందటి పాత పద్ధతివి. పాత నైలాన్ తాడు చుట్టని మాత్రం బీరువాలోంచి తీసి చూపించారు, ఎండకి నైలాన్ పాడైపోతుంది కాబట్టి. అది చూడ్డానికే, ఎక్కడానికి పొరపాటున కూడా వాడొద్దన్నారు.

నా ఐస్ యాక్స్ చేతికిస్తే ఆయన ముందు తల చూడలేదు. తలకిందులు చేసి, కింది మొనని పట్టి ఉంచే పొన్ను దగ్గర గోటితో గీరారు. వార్నిష్ పొర లేచింది, కింద నల్లబడిన కర్ర, పిడి పొడవునా నిటారుగా సాగిన చార. "కర్ర మంచిదే నాయనా, వార్నిష్ మెల్లగా తీసెయ్, అవిసె నూనె పట్టించు. తుప్పుంటే నూనె గుడ్డతో తుడవాలి గానీ ఇలా రుద్దేస్తే ఎక్కడ పుట్టిందో ఇంకెవరు చెబుతారు?" అన్నారు.

మీరు వెళ్తే అడ్వాన్స్ పంపొద్దు, చేత్తో పట్టుకుని చూశాకే డబ్బులివ్వండి, షాపుల కంటే ముందు సండే బజారు తిరగండి. రైల్లో బావమరిది ఆ 250 రూపాయల కారబినర్ గేటు టక్కు టక్కుమని తీసి మూస్తూ, "ఇది నాకిచ్చెయ్ బావా" అన్నాడు. ఇచ్చేశాను.