1.25 క్రోషే సూది: పంతొమ్మిదేళ్ల వాడకం తర్వాత

కుక్కర్ మూడో విజిల్ వేసినా, పాప నిద్రలోంచి లేచి ఏడ్చినా, గుమ్మంలో ఎవరైనా పిలిచినా, క్రోషే (కొక్కెం ఉన్న ఒక్క సూదితో దారం అల్లే పని) అల్లుతున్న మనిషి కాపాడుకోవాల్సింది సూది మీదున్న ఒకే ఒక్క లూపు, అంటే దారం ఉచ్చు. దానికో పిన్నీసు పెట్టేసి ఏ నిమిషంలోనైనా లేచిపోవచ్చు, ఎన్నాళ్లకైనా మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఈ 1.25 మిల్లీమీటర్ల స్టీలు సూదిని 2006లో పాలకొల్లులో ఒక ఫ్యాన్సీ షాపులో కొన్నాను. ఇంతకన్నా నున్నగా, చేతికి మెత్తగా ఉండే సూదులు బజారులో ఎన్నో ఉన్నాయి. అయినా ఇన్నేళ్లు ఇదే నా దగ్గర ఉండిపోయిందంటే కారణం ఆ ఒక్క లూపే. అది సూది గొప్పా, అల్లిక గొప్పా అంటే నేను రెండిటినీ విడదీసి చెప్పలేను.

కుట్టుమిషన్ కూడా ఉంది మా ఇంట్లో. నాకు ఇష్టమే. కానీ దాని ముందు కూర్చోవాలంటే ముందు దాని మీద పేరుకున్న ఇస్త్రీ బట్టలు తీయాలి, బాబిన్‌లో దారం చుట్టుకోవాలి, బట్ట పరచడానికి నేల ఖాళీ చేసుకోవాలి. ఈ లోపే దొరికిన అరగంట అయిపోతుంది. ఒకసారి జాకెట్టు కత్తిరించి పెట్టి, ఏడాది తర్వాత ముక్కలు బయటికి తీస్తే నా ఒంటి కొలతలే మారిపోయాయి. చంకల దగ్గర కలపడానికి బట్ట చాల్లేదు.

స్వెట్టర్ సంగతి ఇంకా బాధగా ఉంటుంది. 2012లో మావారికి ఢిల్లీ బదిలీ అయింది. చలికాలం ఎండలో మేడ మీద కూర్చుని ఊలు అల్లే పక్కింటి ఆంటీ దగ్గర రెండు సూదుల అల్లిక నేర్చుకున్నాను. మా అమ్మాయికి ఐదేళ్లు. దానికోసం వెనక భాగం సగం వరకూ వచ్చింది. సూది మీద 84 లూపులు. పాలు పొంగుతున్నాయని పరుగెత్తాను. వచ్చేసరికి అది సూది లాగేసి, ఆ సూదితో గోడ మీద గీతలు గీస్తోంది. చిన్నపిల్ల, దానికేం తెలుసు? నేను లూపులన్నీ మళ్లీ ఎక్కించబోతే ఒక్కొక్కటీ కిందికి నాలుగైదు వరసలు జారిపోయింది. మొత్తం విప్పి మళ్లీ మొదలుపెట్టాను కానీ, స్వెట్టర్ పూర్తయ్యేసరికి అది అమ్మాయి మోచేతుల దాకానే వచ్చింది. రెండు సూదుల అల్లికలో ఆ వరసలో ఉన్న లూపులన్నీ ముడిపడకుండా తెరిచే ఉంటాయి. ఏది జారినా ప్రమాదమే. క్రోషేలో వెనకాల అల్లినదంతా అప్పటికే ముడిపడి ఉంటుంది.

మాది నరసాపురం వైపు. అక్కడ ఈ పనిని లేసు అల్లడం అంటారు. 1844లో వచ్చిన స్కాట్లండ్ మిషనరీ దంపతులు మెక్రేలు మా ప్రాంతానికి దీన్ని నేర్పారని చెప్తారు. 2024లో నరసాపురం లేసుకి జీఐ (ఫలానా ప్రాంతపు సరుకు అనే భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. మా అమ్మమ్మ ఈ పని కూలికి చేసింది. ఇంటి పనులన్నీ అయ్యాక, మధ్యాహ్నం అరుగు మీద, మిగతా ఆడవాళ్లతో కూర్చుని. ఆమెకి ఇది హాబీ కాదు. ఆ తేడా నేనెప్పుడూ మర్చిపోను. నేను వరస మధ్యలో లేవడానికి తటపటాయిస్తుంటే, "ఒక్క ఉచ్చే కదే అమ్మా, దానికి పిన్నీసు గుచ్చి పోయి అన్నం తిను" అనేది.

ఆ పిన్నీసు దగ్గరే నాకు దెబ్బ తగిలింది. అది వివరంగా చెప్పాలి.

2006లో నేను మొదలుపెట్టింది డైనింగ్ టేబుల్ మీదికి బల్లగుడ్డ. చదరపు గడులు విడివిడిగా అల్లి, చివర్లో కలపాలి. మావైపు ఆ కలిపే పనిని అతుకుపని అంటారు. ఒక్కో గడికి 9 చుట్లు, పక్కకి 12 సెంటీమీటర్లు. నిలువుకి 12, అడ్డానికి 8, మొత్తం 96 గడులు. పాప కడుపులో ఉండగా 22 అయ్యాయి. పుట్టాక రెండేళ్లు ముట్టుకోలేదు. తర్వాత మళ్లీ పట్టుకుని 40 దాకా తెచ్చాను. 2011లో నాన్నకి పక్షవాతం వచ్చింది. ఆసుపత్రి వరండాలో, ఇనప కుర్చీ మీద, 41వ గడి అల్లుతూ కూర్చున్నాను. ఆరో చుట్టు సగంలో ఉండగా లోపలికి పిలిచారు. లూపుకి పిన్నీసు పెట్టి సంచిలో పడేశాను. ఆ సంచి అమ్మవాళ్ల ఇంట్లో ట్రంకు పెట్టెలోకి వెళ్లింది. నాన్న మంచం మీదున్న ఏడాదిన్నరా, ఆ తర్వాత ఢిల్లీలో ఉన్న ఏళ్లూ దాని జోలికే పోలేదు.

మళ్లీ ఆ పెట్టె తెరిచింది 2018లో. నాఫ్తలిన్ ఉండల వాసన. తెల్లటి గడులు పాత పెళ్లిపత్రిక రంగులోకి తిరిగాయి. 41వ దాన్ని పైకి తీస్తే పిన్నీసు తుప్పు పట్టి దారానికి అతుక్కుపోయి ఉంది. మెల్లగా తిప్పాను. లూపు పుటుక్కున తెగింది. తుప్పు దారాన్ని తినేసింది. చుట్టూ చింతపిక్కంత గోధుమరంగు మరక. డిజైన్ మా పిన్ని చేత్తో రాసిచ్చిన కాగితం. ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది. మంచం అంచున కూర్చుని చాలాసేపు ఏడ్చాను. అది ఒక్క గడి కోసమే కాదని ఇప్పుడు తెలుస్తోంది.

కాసేపటికి తెగిన కొస పట్టుకుని లాగాను. ఆరో చుట్టు సగం, ఐదో చుట్టు మొత్తం సులువుగా విడిపోయాయి. నాలుగో చుట్టు దగ్గర గట్టి దారం తగిలింది, అక్కడ ఆపాను. ఇప్పుడు ఐదో చుట్టు ఎలా అల్లాలి? పూర్తయిన గడి ఒకటి కిటికీ వెలుతురుకి పట్టి లెక్కపెట్టాను. నాలుగు రేకులు, ఒక్కో రేకుకి ఏడు డబుల్స్, మూలల్లో ఐదేసి చైన్లు (రెండూ క్రోషే కుట్ల రకాలే). ఒక చుట్టు లెక్కపెట్టడం, అల్లడం, గడి పక్కన గడి పెట్టి చూడటం. రాత్రి పదకొండున్నరకి తొమ్మిదో చుట్టు ముగిసింది. ఏడేళ్ల క్రితం నేను అల్లిన గడులే నాకు మళ్లీ పాఠం చెప్పాయి. కాగితం అక్కర్లేకపోయింది. పంతొమ్మిదేళ్లలో ఈ పని నాకు ఇచ్చిన సంతోషాల్లో ఆ రాత్రిదే పెద్దది. మిగిలిన మరక నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెడితే చాలావరకు పోయింది. ఆ గడి మధ్యలో నాలుగు చుట్లు పసుపుగానూ, మిగతావి తెల్లగానూ ఉంటాయి. చెప్తే తప్ప ఎవరూ గమనించరు.

అప్పటినుంచి పిన్నీసు మానేశాను. వేరే రంగు నూలుదారం ముక్క లూపులోంచి దూర్చి ముడి వేస్తాను. ఎన్నో చుట్టు, ఎన్నో రేకు అని చిన్న చీటీ రాసి సంచిలో వేస్తాను. ఏ నిమిషంలోనైనా వదిలేయొచ్చని పైన అన్నాను కదా, కొంచెం సవరించుకోవాలి. చుట్టు పూర్తయ్యాక వదిలితే హాయి. చుట్టు మధ్యలో వదిలితే చీటీ లేకుండా తిరిగి అందుకోవడానికి ఒక్కోసారి గంట పడుతుంది.

ఎన్నాళ్లకైనా మళ్లీ మొదలుపెట్టొచ్చు అన్నదీ పూర్తి నిజం కాదు. లూపు ఎదురుచూస్తుంది కానీ చేతులు మారిపోతాయి. పాప పుట్టాక ఆ రెండేళ్లు ముట్టుకోకపోవడానికి తీరిక లేకపోవడం ఒక్కటే కారణం కాదు. బొటనవేలి మొదట్లో నొప్పి. బిడ్డని ఎత్తి ఎత్తి అక్కడ వాచిందని, సూది పట్టొద్దని డాక్టరు చెప్పారు. ఈ సూది పిడి సన్నగా, పెన్సిల్‌లో సగం కూడా ఉండదు. గట్టిగా పట్టుకోవాల్సి వస్తుంది. తర్వాత పాప స్కూలు పెన్సిల్‌కి తొడిగే రబ్బరు గ్రిప్పు దీనికి తొడిగాను. అదే ముందు చేసి ఉంటే బాగుండేది.

ఇంకో సంగతి 2020 లాక్‌డౌన్‌లో బయటపడింది. ఇంట్లో అందరం ఉండి, పని రెట్టింపైనా, రాత్రిళ్లు వరసగా 30 గడులు అల్లాను. పాతవాటి పక్కన పెడితే అరసెంటీమీటరు పెద్దవి. అదే సూది, అదే నంబరు దారం. నా చెయ్యే వదులైంది. ఒక్క గడికి అరసెంటీమీటరు పెద్ద తేడా కాదు, కానీ 12 గడులు కలిపితే ఆరు సెంటీమీటర్లు. అతుకుపనిలో ఆ తేడా ముడతలుగా లేస్తుంది. పాతవీ కొత్తవీ అన్నీ ఉతికి, పల్చటి సగ్గుబియ్యం గంజిలో ముంచి, అట్ట మీద ఒకే కొలత గీసుకుని, తుప్పు పట్టని గుండుసూదులతో లాగి ఆరబెట్టాను. రోజుకి ఆరు గడులు. పదహారు రోజులు. అలా చేశాక 2023లో అతుకుపని అయింది. బల్ల మీద పరిచినరోజు మా అమ్మ దాన్ని చేత్తో నిమిరి, "ఇవి మీ నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పటివేనా?" అని అడిగింది.

కొనాలా వద్దా అంటే, నాలాగా పది నిమిషాలు, పావుగంట ముక్కలుగా దొరికేవాళ్లకి, పని మధ్యలో నెలల తరబడి ఆగిపోతుందని ముందే తెలిసినవాళ్లకి క్రోషే సూది తప్పకుండా చెప్తాను. తీరిగ్గా రెండేసి గంటలు కూర్చోగలిగేవాళ్లకి మిషన్ కానీ ఊలు కానీ ఇంకా ఎక్కువ తృప్తి ఇవ్వొచ్చు. అయితే నలభై దాటినవాళ్లు ఈ 1.25తో మొదలుపెట్టొద్దు. సన్నదారం, తెల్ల రంగు, ట్యూబ్‌లైటు వెలుతురు, ఈ మూడూ కలిస్తే కళ్లజోడు ఉన్నా లూపు కనపడదు. నేనే ఇప్పుడు టీవీ బల్ల మీదికి అల్లుతున్న రన్నర్‌ని (పొడవాటి సన్న గుడ్డని) 1.75 సూదితో, కాస్త లావు దారంతో చేస్తున్నాను. 1.25 సూది రేకు డబ్బాలో ఉంది. బల్లగుడ్డలో ఎక్కడైనా అతుకు తెగితే బాగుచేయడానికి అదే కావాలి.