‘ప్యూర్ కాటన్’ కిట్‌తో పసిబిడ్డకు కుడుతున్నారా? కత్తెర పెట్టకముందే అగ్గిపుల్ల గీయండి

మొబైల్‌లో ఒక వీడియో చూసి ‘పసిపిల్లల కుట్టు కిట్’ తెప్పించుకుని 1,450 రూపాయలు పోగొట్టుకున్నాను. డబ్బు పోతే పోయింది. ఆ కిట్‌లోని టిచ్ బటన్ ఒకటి ఊడి మా చెల్లెలి కూతురి నోట్లోకి వెళ్లింది. అందుకే రాస్తున్నాను. ఇంట్లో జబ్లాలు, లంగోటాలు, బిబ్‌లు కుట్టుకునేవాళ్లు ఒకసారి చదవండి.

మాది కర్నూలు. మా చెల్లి ఎనిమిది నెలల పాపతో ఎండాకాలం గడపడానికి మా ఇంటికి వచ్చింది. ఇక్కడి ఎండ సంగతి చెప్పేదేముంది, ఏప్రిల్ వస్తే 40 డిగ్రీలు మామూలే. నెట్ గౌన్లు వేస్తే బిడ్డ ఉడికిపోతుంది. మా అవ్వ అయితే పాత నూలు చీర చించి చేత్తోనే జబ్లాలు కుట్టేసేది. ఏళ్ల తరబడి ఉతికిన చీర కాబట్టి రంగు పోయేది, ముడుచుకునేది అంతా ముందే అయిపోయి ఉండేది. నాకేమో కొత్త బట్ట, దాని మీద ఏనుగుల ప్రింటు కావాలనిపించింది. ఆ సోకే నా కొంప ముంచింది.

కిట్‌లో మీటరు చొప్పున ఐదు ప్రింట్ల ‘ప్యూర్ మల్మల్ కాటన్’, ప్లయర్‌తో నొక్కే పళ్ల రింగు టిచ్ బటన్లు 50 సెట్లు, ‘సాఫ్ట్’ ఎలాస్టిక్ ఐదు మీటర్లు. ప్రతిదాని మీదా ‘బేబీ సేఫ్’ అని స్టిక్కర్. క్యాష్ ఆన్ డెలివరీ లేదన్నారు, ఫోన్‌లోనే కట్టేశాను. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయలేదు, లోపల బిల్లు ఉందా లేదా అని కూడా చూడలేదు. ఆ సాయంత్రమే రెండు జబ్లాలకు బట్ట కత్తిరించేశాను. మిగతా మూడు మీటర్లు నానబెట్టాను.

బకెట్లో నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయి. కొత్త బట్ట కదా అనుకున్నాను. తడి ఆరాక చూస్తే గంజి అంతా పోయి దోమతెరలా తేలిపోయింది. అయినా కొలిచి చూస్తే సెంటీమీటరు కూడా తగ్గలేదు. ఎంత మంచి బట్టో అని సంతోషపడ్డాను కూడా! అసలు అనుమానం రావాల్సింది అక్కడే. ఉతకని కాటన్ మొదటి ఉతుకులో మీటరుకు మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు ముడుచుకోవడం మామూలు. బొత్తిగా ముడుచుకోకపోతే ఒకటి మిల్లులోనే ముందుగా ముడుచుకునేలా చేసి ఉండాలి, లేదంటే అందులో పాలియెస్టర్ ఉండాలి.

ఆ జబ్లాలు వేసిన రెండు రోజులకు పాప వీపంతా చెమటకాయలు. ఫ్యాను కిందే పడుకోబెట్టినా చెమట ఇంకడం లేదు, బట్ట ఒంటికి అంటుకుపోతోంది. మిగిలిన ముక్క తీసుకుని మా వీధి టైలరన్న దగ్గరికి వెళ్లాను. ఆయన అంచు నుంచి ఒక దారం లాగి అగ్గిపుల్ల అంటించాడు. కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద అయింది. “నూలే కదన్నా” అన్నాను. ఆయన మాట్లాడకుండా రెండో అంచు నుంచి ఇంకో దారం లాగాడు. అది మంట తగలకముందే ముడుచుకుని, కరిగి, ప్లాస్టిక్ కంపు కొట్టి, చివర ఆవగింజంత నల్లపూసై గట్టిపడింది. “పడుగు పాలియెస్టర్, పేక నూలు. ప్యూర్ అని నీకు ఎవరు చెప్పినారమ్మా?” అన్నాడు.

ఇది మాత్రం గుర్తుంచుకోండి. దారం ఒక వైపు నుంచే తీసి కాల్చి చూస్తే మోసపోతాం. నిలువు దారం (పడుగు), అడ్డ దారం (పేక) రెండూ విడివిడిగా కాల్చాలి. పత్తి, పాలియెస్టర్ పోగులు రెండూ కలిపి వడికిన దారమైతే కాగితంలా కాలుతూనే బూడిదలో గట్టి పలుకులు మిగులుతాయి. కింద ఒక స్టీలు ప్లేటు పెట్టుకోండి, దారాన్ని పట్టుకారుతో పట్టుకోండి. పిల్లలు దగ్గర లేనప్పుడే చేయండి. నీళ్ల చుక్క వేసి పీల్చుకుంటే కాటన్ అని కొందరు చెప్తారు, దాన్ని నేను నమ్మను. గంజి పట్టించిన కొత్త కాటన్ కూడా మొదట నీళ్లు పీల్చదు.

ఆదోని పత్తి మార్కెట్ ఉన్న జిల్లాలో పుట్టాను. 1938లో మాచాని సోమప్పగారు నేతగాళ్ల సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరు మాకు రెండు గంటల దూరం కూడా లేదు. అలాంటిది ఊరూపేరూ లేని పేజీలో కాటన్ కొన్నాను. నవ్వుకోండి, పరవాలేదు.

బటన్ సంగతికి వస్తాను. మూడో రోజు పాప జబ్లా అంచు నోట్లో పెట్టుకుని నములుతోంది. ఆ వయసులో ఏది దొరికినా నోట్లోకే కదా. చెల్లి చూసేసరికి అంచులో బటన్ లేదు, పాప బుగ్గ కదులుతోంది. అదృష్టం, నాలుక మీదే కనబడుతోంది, వేలితో పక్కకు లాగి తీసింది. చిన్న రింగే కానీ చుట్టూ పళ్లు. అది గొంతులోకి జారి ఉంటే అన్న ఆలోచనకే ఆ రాత్రి మాకు నిద్ర లేదు. నా తప్పు కూడా ఉంది. అంత పల్చటి బట్టకు బటన్ వేసేటప్పుడు లోపల బక్రమో, ఇంకో మందపాటి గుడ్డో వేయాలి. నేను ఉత్త మడత మీదే నొక్కేశాను. కానీ తర్వాత పాత జీన్స్ ముక్క మీద అవే బటన్లు వేసి లాగితే పదింటిలో నాలుగు ఊడిపోయాయి. ఫ్రిజ్ మీది అయస్కాంతం పెడితే అన్నీ అతుక్కున్నాయి. ఇత్తడి అని రాసి పంపింది వట్టి ఇనుము! తడి గుడ్డలో చుట్టిపెడితే తెల్లారేసరికి తుప్పు మరక.

ఇప్పుడు నేను ఏడాదిలోపు పిల్లల బట్టలకు బటన్ జోలికే పోవడం లేదు. జబ్లాకు వెనక అదే గుడ్డతో పొట్టి నాడాలు, ముడికి సరిపోయేంత వరకే. మెడ దగ్గర పొడుగు తాడు, టోపీ కింద తాడు అసలు పెట్టకండి, మెడకు చుట్టుకుంటాయి. అంటించిన పూసలు, చమ్కీలు, బోలు గుండీలు కూడా వద్దు. అందం ఫొటో వరకే.

రంగు పరీక్షకు తెల్ల గుడ్డ తడిపి బట్ట మీద గట్టిగా రుద్దండి, అంటితే పిల్లలకు వాడకండి. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని అందరూ చెప్తారు. సరిగ్గా అద్దని రంగును ఉప్పు ఆపలేదు, నేను రెండుసార్లు చేసి చూశాను. ఆజో రంగులనే ఒక రకం రసాయన రంగుల్లో హానికరమైన కొన్నింటిని కేంద్ర ప్రభుత్వం 1997లోనే నిషేధించింది. కానీ మన చేతిలోని బట్టకు ఏ రంగు వేశారో కంటికి తెలియదు. అందుకే పసిపిల్లలకు తెలుపో, లేత రంగో మేలు.

ఎలాస్టిక్ గురించి ఒక్క మాట. రెండు ఉతుకులకే సాగిపోయింది. అంతకుముందు బిడ్డ నడుముకు ఎర్రటి గీత పడింది.

అమ్మినవాళ్లకు ఫొటోలు పంపాను. “కట్ చేసిన బట్ట వాపసు లేదు మేడమ్” అన్నారు. కత్తిరించని మీటర్ల సంగతేంటి అంటే “ఉతికారు కదా” అన్నారు. బటన్ బిడ్డ నోట్లోకి వెళ్లిందని చెప్తే బ్లాక్ చేశారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను. వాళ్లు సంస్థ పేరు, చిరునామా, బిల్లు అడిగారు. నా దగ్గర ఏముంది? డబ్బు వెళ్లిన ఖాతా ఎవరో మనిషి పేరు మీద ఉంది. ఫిర్యాదు అయితే రాసుకున్నారు, ఇంకా ఏమీ తేలలేదు.

డబ్బు కట్టేముందు చూడాల్సింది ఇదే. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం అమ్మే సైట్ తన పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరాలు చూపించాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఆ వివరాలేవీ లేని పేజీకి ముందుగా డబ్బు పంపకండి. బిల్లు ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. ఐదు లక్షల వరకు విలువైన కేసుకు ఫీజు కూడా లేదు.

చేనేత గుర్తు ఉంటే చాలనుకోవద్దు, అది మగ్గం మీద చేత్తో నేసిందని చెప్తుందే కానీ నూలో కాదో చెప్పదు. నేనిప్పుడు కొండారెడ్డి బురుజు వైపు బట్టల అంగళ్లలో చేత్తో పట్టి చూసి, ముందు పావు మీటరే కొంటున్నాను. ఇంటికి తెచ్చి కాల్చి, ఉతికి, నచ్చితేనే మళ్లీ వెళ్తున్నాను. అంగడివాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనీ.

మిగిలిన టిచ్ బటన్లు, నల్లపూస కట్టిన ఆ దారం ఒక డబ్బాలో పెట్టి మూత బిగించాను, కమిషన్‌లో చూపించాల్సి వస్తుందేమోనని. ఇలాంటి పళ్ల రింగు బటన్లు మీ ఇంట్లో ఏ పాప బట్టకైనా ఉంటే ఇప్పుడే గట్టిగా లాగి చూడండి.