మూడేళ్లు వాడిన ఫైబర్ రూటర్: నాకు నచ్చింది ఆ మైనస్ అంకె

స్పీడెంత, యాంటెన్నాలెన్ని, రేంజి ఎంత అనేవి డబ్బా మీదే అచ్చేసి ఉంటాయి కాబట్టి అవి ఇక్కడ రాయను. విజయనగరంలో దాసన్నపేట వైపు మా ఇల్లు. కనెక్షన్ పెట్టించుకున్నప్పుడు ఆపరేటర్ ఇచ్చిన తెల్ల డబ్బానే మూడేళ్లుగా వాడుతున్నాను. కంపెనీ పేరు చెప్పను, చెప్పినా పెద్ద ఉపయోగం లేదు, ఎందుకంటే నేను మెచ్చుకోబోయేది చాలా ఫైబర్ రూటర్లలో ఉండేదే, కాకపోతే దాన్ని ఎవరూ తెరిచి చూడరు. నేనూ రెండేళ్లు చూడలేదు.

వైఫైకి కలిసిన ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో బ్రౌజర్ తెరిచి 192.168.1.1 అని కొట్టాలి. కొన్నిటికి ఈ నంబరు వేరేగా ఉంటుంది, డబ్బా అడుగున స్టిక్కర్ చూసుకోండి. ఆ స్టిక్కర్ మీదున్న పాస్‌వర్డ్‌తోనే లోపలికెళితే స్టేటస్ అన్నచోట ఆప్టికల్ అనో పాన్ (PON) అనో ఒక పేజీ ఉంటుంది, అందులో ఆర్‌ఎక్స్ పవర్ అని ఒక అంకె. స్తంభం మీంచి గాజు తీగలో వచ్చే వెలుతురు మన డబ్బా దాకా వచ్చేసరికి ఎంత మిగిలిందో చెప్పే అంకె అది, వెలుతురు బలాన్ని కొలిచే డీబీఎంలలో (dBm). మైనస్ 8కీ మైనస్ 27కీ మధ్య ఉంటే డబ్బా పనిచేస్తుంది. 27 దాటి ఇంకా కిందికి పోతే ఎర్ర లైటు కొట్టుకోవడం మొదలు.

ఇందులో అంత మురిసిపోయేదేముంది అంటారేమో. పాత ల్యాండ్‌లైన్ నెట్ వాడినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, వాన పడి ఏదో జాయింటులోకి నీళ్లు దిగితే రిసీవర్ ఎత్తగానే గరగరమనేది. ఆ గరగర విని ఇవాళ నెట్ రాదురా అని మా నాన్నగారు ముందే చెప్పేసేవారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చి పోయాక చాలా రోజులు ఆ గరగర కూడా లేదు, అది వేరే సంగతి. ఫైబర్ వచ్చాక చప్పుడే లేకుండా పోయింది. ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు, మధ్యలో ఏం జరుగుతోందో చెవికీ తెలీదు, కంటికీ తెలీదు. ఆ వెలుతురు 1490 నానోమీటర్లది, మనిషి కంటికి ఆనదు (అలాగని కేబుల్ చివర కంటి దగ్గర పెట్టుకుని చూసేరు, వద్దు). అందుకే ఆ పేజీలో అంకె మొదటిసారి చూసినప్పుడు నాకు పాత గరగర మళ్లీ దొరికినట్టనిపించింది.

దొరికిన తీరు చెప్తాను. పోయినేడు దసరా వెళ్లాక మంగళవారం మా ఊరి పైడితల్లమ్మ పండగ సిరిమానోత్సవం, ముందురోజు సోమవారం ఆ పండగకే తొలేళ్లు, మా ఇంట్లో శనివారం నుంచే చుట్టాలు. పార్వతీపురం నుంచి పెద్దమ్మ, బొబ్బిలి నుంచి అప్పా బావా పిల్లలూ, ఇంకా వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ. ఆదివారం పదకొండింటికి నెట్ పోయింది. ఎర్ర లైటు. ఆఫ్ చేసి ఆన్ చెయ్యమని ఇంట్లో ప్రతివాళ్లూ విడివిడిగా వచ్చి చెప్పారు, నాలుగుసార్లు చేశాను. మధ్యాహ్నం మూడింటికి దానంతటదే వచ్చింది. అంతకు పావుగంట ముందు మా బావ డబ్బాని ఒకసారి గట్టిగా తట్టాడు, ఇక సాయంత్రం వరకూ ఆయనే ఇంజనీరు.

సోమవారం పదిన్నరకి మళ్లీ పోయింది, ఆఫీసు మీటింగులో నేను మాట్లాడుతుండగానే. కస్టమర్ కేర్‌కి చేస్తే రీస్టార్ట్ చేశారా సార్ అన్నారు. తొలేళ్ల రోజు లైన్‌మ్యాన్ రాడనుకున్నాను కానీ పాపం వచ్చాడు. వచ్చి స్తంభం వైపు చూడలేదు, కేబుల్ ముట్టుకోలేదు, డబ్బా మీద అరచెయ్యి పెట్టి, "వేడెక్కిపోతంది సార్, బోర్డు పోయింది, కొత్తది పెట్టాల, రెండు వేలవుద్ది, పండగెల్లాక తెస్తాను" అని బండెక్కేశాడు.

రెండు వేలు అనేసరికి నాకు పట్టుదల వచ్చింది. ఫోన్ డేటాతో అక్కడా ఇక్కడా చదివి ఆ పేజీ తెరిచాను. మైనస్ 28.6. ఆ అంకె ఎక్కువో తక్కువో నాకేం తెలుసు? అప్పుడు గుర్తొచ్చింది, డబ్బా పక్కన స్కెచ్ పెన్‌తో -20.8 అని రాసి ఉంటుంది, కనెక్షన్ ఇచ్చినప్పుడు వచ్చిన కుర్రాడు రాసింది. రెండేళ్లుగా దాన్ని ఏదో సీరియల్ నంబరనుకుంటున్నాను. సరే, ఇరవై రావలసింది ఇరవై ఎనిమిది వస్తోంది, అంటే పవర్ ఎక్కువై కాలిపోతోంది కాబోలు, లైన్‌మ్యాన్ చెప్పింది నిజమే అనుకున్నాను. ఇంటర్ చదువుతున్న మా మేనకోడలు భుజం మీంచి చూసి, "మావయ్యా, మైనస్ కదా" అంది.

ఆ పిల్లే లెక్క చెప్పింది. మూడు తగ్గితే వెలుతురు సగమైపోయినట్టు, పది తగ్గితే పదో వంతే మిగిలినట్టు. మాకు దాదాపు ఎనిమిది తగ్గింది, అంటే రావలసినదాంట్లో ఆరో వంతు వస్తోంది. అదే పేజీలో టెంపరేచర్ అని ఇంకో గడి ఉంది, 54 డిగ్రీలు. చెయ్యి పెడితే వేడిగానే ఉంటుంది కానీ, ఇలాంటి లేజర్ భాగాలు మామూలుగా 70 దాకా తట్టుకుంటాయి. బోర్డు పోయిందన్న మాట అక్కడే తేలిపోయింది. పోయింది లోపల కాదు, వెలుతురు దారిలోనే ఎక్కడో కారిపోతోంది.

గోడ దగ్గర డబ్బాకి గుచ్చిన పచ్చ రంగు కనెక్టర్‌ని మెల్లగా అటూ ఇటూ కదిపాను, పేజీ రిఫ్రెష్ చేస్తే అంకె కదల్లేదు. కిటికీ దగ్గర కదిపాను, లేదు. ఇక మేడెక్కాను.

స్తంభం నుంచి వచ్చిన కేబుల్ మా పిట్టగోడ కొక్కేనికి తగులుకుని, అక్కణ్ణించి మేడ మీదుగా మెట్ల గది గోడ దాకా వచ్చి, అక్కడో మేకు చుట్టూ తిరిగి కిందికి దిగుతుంది. నల్లటి బల్లపరుపు కేబుల్, పక్కనే సన్నటి ఇనుప తీగ కలిసి ఉంటుంది, బిగుతుగా లాగి కట్టారు. చూడ్డానికి అచ్చం దండెమే. ఆ దండెం మీద వరసగా నాలుగు దుప్పట్లు, ఒక బొంత, మా బావ లుంగీ, పిల్లల తువ్వాళ్లు. అన్నీ తడివి, నీళ్లోడుతున్నాయి. ఆ బరువుకి కేబుల్ మధ్యలో దిగిపోయి, మెట్ల గది మేకు దగ్గర పిన్నీసులా మడతపడింది. గాజు తీగ చెయ్యంత వంపు తిరిగితే ఏం కాదు, బొటనవేలికి చుట్టినట్టు వంగితే మాత్రం వెలుతురు ఆ మలుపు తిరగలేక బయటికి పోతుంది.

పెద్దమ్మ మెట్ల మీదే ఉంది, ఇంకో బకెట్‌తో. "మీ దండెం నిండిపోనాది, ఆ నల్లతాడు కాళీగానే ఉంది కదరా" అంది. రోజూ పది దాటాక ఆరేస్తోంది, మూడింటికల్లా ఆరిపోతున్నాయి, తీసేస్తోంది. నెట్ టైంటేబుల్ అదే.

తరవాతి పావుగంట నేను ఈ మూడేళ్లలో ఈ డబ్బాతో గడిపిన బాగా సంతోషమైన పావుగంట. మేనకోడలు కింద ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది, నేను పైన ఒక్కో దుప్పటి తీస్తున్నాను, తీసినప్పుడల్లా అది రిఫ్రెష్ కొట్టి మెట్లలోంచి అరుస్తోంది. బొంత తీశాను, ఇరవయ్యారు పాయింట్ తొమ్మిది. దుప్పటి, ఇరవయ్యైదు రెండు. ఇంకోటి, ఇరవై నాలుగు. లుంగీకి ఏమీ మారలేదు. ఆఖరి దుప్పటితో ఇరవై రెండు తొమ్మిది, ఎర్ర లైటు ఎప్పుడో ఆరిపోయింది, కింద పిల్లలు వీడియోల్లో పడిపోయారు. "ఏటర్రా, లాటరీ నంబర్లు సదువుతున్నారా" అని పెద్దమ్మ నవ్వుతోంది.

కానీ 20.8కి మళ్లీ రాలేదు. మడతపడ్డ చోట నలిగినట్టుంది, 22.9 దగ్గరే ఆగిపోయింది. పండగయ్యాక లైన్‌మ్యాన్ కొత్త డబ్బా చంకన పెట్టుకుని వచ్చాడు. పవర్ 28 దాకా పడింది, టెంపరేచర్ 54, బోర్డు బానే ఉంది, మేకు దగ్గర కేబుల్ నలిగింది అని చెప్పాను. ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. తరవాత సంచిలోంచి పవర్ మీటరు తీశాడు, అది మొదటిరోజు బయటికి రానే లేదు. మేడ మీద చుట్ట చుట్టి వదిలేసిన మిగులు కేబుల్ ఉండబట్టి సరిపోయింది, నలిగిన చోటుకి ముందే కోసి, తొక్క తీసి, గాజు పోగుని స్పిరిట్‌తో తుడిచి, కట్టర్‌లో పెట్టి టిక్‌మని తెంపి కొత్త కనెక్టర్ బిగించాడు. 21.1. "సార్ మీరు ఏ డిపార్ట్‌మెంటు" అని అడిగాడు. రెండు వేల మాట మళ్లీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నిజానికి అతని మీద నాకు కోపం లేదు, ఒక్కడే మూడు పేటలు తిరుగుతాడు, డబ్బా మార్చేస్తే పది నిమిషాల్లో అయిపోతుంది, మేడలెక్కి దుప్పట్లు లెక్కపెడుతూ కూర్చుంటే పొద్దు సరిపోదు.

అప్పటినుంచి క్యాలెండర్ మీద నెలకోసారి అంకె రాస్తున్నాను. పాలవాడి లెక్క పక్కనే.

ఇంతవరకూ చదివి ఆ పేజీ ఉంటే చాలు అనుకోకండి, నేనూ అలాగే అనుకుని జనవరిలో పరువు పోగొట్టుకున్నాను. పొద్దున్నే నెట్ లేదు, లైట్లన్నీ పచ్చగా ఉన్నాయి, అంకె 21.2. అంకె బాగుంది కాబట్టి తప్పు వాళ్లదే అని కస్టమర్ కేర్ అమ్మాయికి ఆర్‌ఎక్స్ పవర్ గురించి ఐదు నిమిషాలు పాఠం చెప్పాను. ఓపిగ్గా మొత్తం విని, "సార్, మీ ప్లాన్ నిన్న రాత్రితో అయిపోయింది" అంది. వెలుతురు వచ్చినంత మాత్రాన నెట్ వచ్చినట్టు కాదు. కరెంటు సంగతీ అంతే. మే నెలలో డబ్బా తనంతట తనే ఆగి మొదలవుతుంటే వారం రోజులు ఈ పేజీలోనే తల దూర్చాను, చివరికి చూస్తే అడాప్టర్ నీరసించింది. 12 వోల్టులది, కింద రాసున్న ఆంపియర్లకి తగ్గకుండా చూసుకుని గంటస్తంభం దగ్గర కొట్లో కొన్నాను, సరిపోయింది.

వైఫై గురించి కూడా ఆ అంకె ఏమీ చెప్పదు. మాది పాత ఇల్లు, మందపాటి గోడలు, 5 గిగాహెర్ట్జ్ వైఫై సిగ్నల్ రెండో గోడ దాటదు, 2.4 దాటుతుంది కానీ చుట్టుపక్కల ఇళ్లవాళ్లందరూ అందులోనే ఉన్నారు. వెనక గదిలో అమ్మ సీరియల్ లోడవ్వక గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది, ముందు గదిలో అంకె మాత్రం బంగారం.

ఇంకోటి, ఇది మాత్రం నన్ను నిజంగా బాధపెట్టింది. ఈమధ్య ఒక రాత్రి ఏదో అప్‌డేట్ వచ్చి, తెల్లారేసరికి స్టిక్కర్ పాస్‌వర్డ్‌తో వెళితే ఆప్టికల్ పేజీ లేదు. వైఫై పేరు మార్చుకునే పేజీ ఒక్కటి మిగిల్చారు. లైన్‌మ్యాన్‌ని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. రెండు వారాలు ఫోన్లు చేశాక మళ్లీ కనిపించింది, ఎవరు తెరిచారో తెలీదు, ఎప్పుడు మూసేస్తారో కూడా తెలీదు. మన ఇంట్లో, మన కరెంటుతో నడిచే డబ్బా, అయినా అందులో మనం ఏం చూడొచ్చో వాళ్ల దయ. పైన రాసిన మెచ్చుకోలంతా ఆ దయ ఉన్నన్నాళ్లే అనుకోండి.

కొనమంటారా వద్దంటారా అంటే, నేను డబ్బా పక్కనే టేబులు వేసుకుని వైరుతో పనిచేసుకునేవాణ్ణి, ఇంట్లో మామూలు రోజుల్లో ముగ్గురమే, కాబట్టి నాకిది చాలు, మార్చను. వెనక గదుల్లో పిల్లల క్లాసులు నడిచే ఇల్లయితే ఇంకో వైఫై డబ్బా తగిలించుకోక తప్పదు. ఏ డబ్బా తెచ్చుకున్నా బిగించిన రోజే ఆ అంకె అడిగి రాయించుకోండి, మాకు అడక్కుండానే రాసిన ఆ కుర్రాడు మళ్లీ కనపడలేదు.

పెద్దమ్మ ఈ ఏడూ తొలేళ్లకి వస్తానంది. పది మీటర్ల నైలాన్ తాడు కొని మేడకి అటు పక్కన కట్టాను, పసుప్పచ్చది, నల్లది కాదు.