చెరువు కట్ట మరమ్మతు: ఐదుకు మూడు

2021 నవంబర్‌లో రాయలచెరువు కట్టకు లీకేజీ పడి కింది ఊళ్లను ఖాళీ చేయించినప్పటి నుంచి తిరుపతి చుట్టుపక్కల చెరువుల కింద ఉండేవాళ్లకి తుపాను అంటేనే టెన్షన్, మాకూ అంతే. అందుకే మా ఊరి కట్ట బాగుచేయడానికి మనుషులు వచ్చారంటే రోజూ వెళ్లి నిలబడి చూశాను. కంపచెట్లు వేళ్లతో సహా పీకారు (ఆ వేళ్లు కుళ్లిన చోటే కదా నీళ్లు దారి చేసుకునేది), గుంతల్లో బంకమట్టి పొరలు పొరలుగా పోసి, తడిపి, రోలర్ తిప్పారు. మడమతో గట్టిగా తొక్కి చూశా, దిగలేదు. నీళ్ల వైపు రాళ్లు కూడా బాగా పేర్చారు, అలలకు మట్టి కోసుకుపోవడం తగ్గింది.

మొరవ (చెరువు నిండాక ఎక్కువైన నీళ్లు బయటికి పోయే అలుగు) దగ్గరే దెబ్బ కొట్టారు. పూడిక అలాగే వదిలేసి పైన సున్నం కొట్టి వెళ్లిపోయారు. నీళ్లు పోయే దారి మూసుకుపోతే కట్ట ఎంత గట్టిగా ఉండి ఏం లాభం, పొర్లేది దాని మీద నుంచే. అడిగితే ‘ఎస్టిమేట్‌లో లేదు సార్’ అన్నారు. 1997 చట్టంతో వచ్చిన నీటి సంఘాలు ఇలాంటివి చూసుకోవడానికే కదా, మొన్న మీటింగ్‌లో మా పెదనాన్న లేచి ఒక్క పూట జేసీబీ పెట్టించమన్నాడు. అది వస్తే ఇంకో మార్కు కలుపుతా.